కుక్క చెవి: ఇంటి వైద్యం ఎక్కడ వికటిస్తుంది?

వానలు మొదలైతే చాలు, తల విదిలించుకుంటూ వచ్చే కుక్కలు మా క్లినిక్‌లో ఎక్కువవుతాయి. కొన్నిటి చెవి ఎత్తగానే పులిసిన పిండి వాసన గుప్పుమంటుంది. యజమానులు చెప్పే మాటలు మాత్రం ఏటా అవే.

అపోహ: "గులిమే కదండీ, బడ్‌తో తీసేస్తే పోతుంది."

కుక్క చెవి కాలువ ఇంగ్లిష్ 'ఎల్' అక్షరంలా కిందికి దిగి, అక్కడినుంచి లోపలికి మలుపు తిరుగుతుంది. బడ్ పెడితే మురికి ఆ మలుపు దాటి ఇంకా లోపలికి దిగుతుంది. కాస్త గులిమి ఉండి, వాసనా ఎరుపూ లేకపోతే ఆ చెవి జోలికి పోకండి. దుర్వాసన, చీము, అదే పనిగా గోక్కోవడం, చెయ్యి వేస్తే మూలగడం కనిపిస్తే మాత్రం చూపించాలి.

అపోహ: "వెల్లుల్లి కాచిన నూనె పోస్తే తగ్గిపోతుంది."

ఒక ల్యాబ్రడార్‌కి వారం రోజులు పోశారు. నూనె, చీము కలిసి జిగురులా పేరుకున్నాయి. మత్తు ఇచ్చి కడిగితేగాని కర్ణభేరి కనిపించలేదు. చూస్తే దానికి చిల్లు! పోసిన నూనెలో కొంత మధ్య చెవిలోకి కూడా పోయే ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, పుండుగా ఉన్న చర్మంలో అది మంట పుట్టిస్తుంది.

అపోహ: "పోయినసారి రాసిన చుక్కలు మిగిలాయి, అవే వేస్తున్నాం."

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే మాట ఇదే. చెవి స్రావాన్ని గాజు పలక (స్లైడ్) మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తాను. వేరుశనగ కాయల్లాంటి ఆకారాలు కనిపిస్తే మలాసీజియా అనే ఈస్ట్. గుండ్రని చుక్కలైతే సాధారణంగా స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. కడ్డీల్లా ఉంటే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కావచ్చు, అది మొండి ఘటం, కల్చర్ (క్రిమిని ల్యాబ్‌లో పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించాల్సిందే. కాఫీ పొడిలా నల్లగా రాలితే చెవి మైట్స్ (కంటికి సరిగా ఆనని చిన్న పురుగులు) ఉండవచ్చు. కుక్కపిల్లల్లో ఇవి ఎక్కువ, ఉంటే ఇంట్లోని మిగతా కుక్కలకూ పిల్లులకూ కూడా మందు వేయాలి. పాత సీసాకి ఈ తేడాలేవీ తెలియవు. పైగా చాలా చుక్కల మందుల్లో జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో అది పడితే వినికిడి దెబ్బతినవచ్చు.

అపోహ: "నాలుగు రోజులకే వాసన పోయింది, ఆపేశాం."

వాసన పోయినా క్రిములు మిగిలే ఉంటాయి. డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేసి, మళ్లీ స్లైడ్ చూపించాకే ఆపాలి.

అపోహ: "స్నానం నీళ్లు పోవడం వల్లే వస్తోంది."

తేమ ఒక కారణమే. ఏడాదికి మూడుసార్లు వస్తోందంటే మాత్రం నేను పాదాలు చూస్తాను. అస్తమానం నాకిన చోట తెల్లటి వెంట్రుకలు ఎర్రబారి కనిపిస్తే అలర్జీ ఉందేమోనని అనుమానిస్తాను. అలర్జీ చర్మమంతా ఉంటుంది, చెవి లోపల ఉన్నదీ ఆ చర్మమే. తిండి మీద అనుమానం ఉంటే, కుక్క ఇంతవరకూ తినని ప్రోటీన్‌తో కనీసం 8 వారాలు ప్రత్యేక ఆహారం పెట్టి చూడాలి. ఆ 8 వారాలూ పిల్లలు చాటుగా బిస్కెట్ పెట్టకుండా చూసుకోవడమే అసలు కష్టం.

చెవి కడిగే ద్రవం (క్లీనర్) రాసిచ్చినప్పుడు దాన్ని చెవి నిండా పోసి, చెవి మొదట్లో అరనిమిషం పిసకండి. పిచపిచమని చప్పుడు రావాలి. తల విదిలించనిచ్చి, పైకి వచ్చినదాన్ని దూదితో తుడవండి. లోపలికి వేలు పోనివ్వకండి.

తల ఒక పక్కకు వాలినా, తూలినా, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నా ఆ రోజే తీసుకురండి. చెవి డొప్ప బూరెలా ఉబ్బితే లోపల రక్తం చేరిందన్నమాట. ఇంట్లో సూదితో గుచ్చకండి. తల విదిలించడానికి కారణమైన లోపలి దురద తగ్గేదాకా అది మళ్లీ మళ్లీ నిండుతూనే ఉంటుంది.