రాజుగారి సార్జెంటు, రాయి రప్పల నేల

పిల్లలూ,

ఇంగ్లండు రాజు పక్షాన పోరాడినవాడు ద్రోహి కాక మరేమవుతాడని అడిగారు. అల్లూరి కథ, కన్నెగంటి హనుమంతు కథ వింటూ పెరిగిన ఇంట్లో ఆ ప్రశ్న రావడం సహజమే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో రాజుకే విధేయులుగా ఉండిపోయినవాళ్ళను లాయలిస్టులు అంటారు. వాళ్ళలో భూస్వాములు, వ్యాపారులు, మామూలు రైతులు, అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరినీ పక్కన పెట్టి థామస్ పీటర్స్ అనే ఒక్క సార్జెంటు గురించి రాస్తాను. అతను బానిస.

పీటర్స్ ఆఫ్రికాలో పుట్టాడు. ఓడలో తెచ్చి అమ్మేశారు. 1776 నాటికి నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ అనే రేవు పట్నంలో విలియం క్యాంప్‌బెల్ దగ్గర ఉన్నాడు. ఈ క్యాంప్‌బెల్ స్వేచ్ఛ కావాలని రాజు మీద తిరగబడ్డ వర్గంలోవాడు. రాజు పన్నులు వేసి తమను బానిసల్లా చూస్తున్నాడని మండిపడిన ఇలాంటి పెద్దమనుషుల ఇళ్ళలో పని చేసింది నిజమైన బానిసలే.

1775 నవంబరులో వర్జీనియా గవర్నరు లార్డ్ డన్మోర్ ఒక ప్రకటన చేశాడు. తిరుగుబాటుదారుల బానిసలు పారిపోయి వచ్చి రాజు సైన్యంలో చేరితే వాళ్ళకు స్వేచ్ఛ ఇస్తానన్నాడు. ఇది జాలితో చేసిన పని అనుకోకండి. రాజు వైపు ఉన్న యజమానుల బానిసలకు ఈ మాట వర్తించదు. డన్మోర్‌కే సొంత బానిసలు ఉండేవారు. శత్రువు పనివాళ్ళను లాక్కోవడమే అతని ఎత్తు. కానీ పారిపోవాలని చూసేవాడికి తలుపు ఎవరు, ఎందుకు తీశారన్నది అనవసరం కదా. మరుసటి ఏడాది వసంతంలో బ్రిటిష్ ఓడలు విల్మింగ్టన్ పక్కనున్న కేప్ ఫియర్ నదిలోకి వచ్చాయి. పీటర్స్ వెళ్ళి వాళ్ళలో కలిశాడు. అతన్ని ద్రోహి అంటే, ద్రోహం ఎవరికి చేసినట్టు? క్యాంప్‌బెల్‌కా?

అక్కడ బ్రిటిష్ జనరల్ హెన్రీ క్లింటన్ బ్లాక్ పయనీర్స్ అనే దళాన్ని ఏర్పాటు చేశాడు. చేరినవాళ్ళు తమ ఇష్టంతోనే చేరుతున్నామని ప్రమాణం చేయాలి. యుద్ధం ముగిశాక స్వేచ్ఛ ఇస్తామని మాట ఇచ్చారు. పేరుకు సైన్యమే కానీ వాళ్ళ చేతుల్లో తుపాకీ కన్నా పార, గొడ్డలి ఎక్కువగా ఉండేవి. కందకాలు తవ్వారు, చెట్లు కొట్టారు, ఫిలడెల్ఫియాలో వీధులు ఊడ్చారు. ఆ దళంలోనే పీటర్స్ సార్జెంటు అయ్యాడు, గాయాలూ తగిలాయి. శాలీ అనే ఆమెను పెళ్ళాడాడు. ఆమె కూడా బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చినదే.

మీ సోషల్ పుస్తకంలో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చిన కారన్‌వాలిస్ పేరు చదివారు కదా, ఈ యుద్ధంలో 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఓడిపోయింది ఆయనే. తిండి తగ్గి, మశూచి పాకేసరికి తనను నమ్మి వచ్చిన నల్లవాళ్ళను శిబిరం నుంచి వెళ్ళగొట్టాడు. ఆ తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. నిజాం దగ్గర్నుంచి గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది ఆయన హయాంలోనే.

సరే, యుద్ధంలో రాజు ఓడాడు. బానిసలతో సహా అమెరికన్ల ఆస్తిని తీసుకుపోకూడదని సంధి పత్రంలో రాశారు. పారిపోయి వచ్చినవాళ్ళ గుండెల్లో రాయి పడింది. 1783 మేలో జార్జి వాషింగ్టన్ స్వయంగా వచ్చి వాళ్ళను తిరిగి ఇచ్చేయమని బ్రిటిష్ సేనాని గై కార్ల్‌టన్‌ను అడిగాడు. స్వేచ్ఛ ఇస్తామని ముందే మాట ఇచ్చాం, తప్పలేం అన్నాడు కార్ల్‌టన్. బ్రిటిష్ ఓడల్లో ఎవరెవరు వెళ్తున్నారో పేరు, వయసు, పాత యజమాని వివరాలతో ఒక రిజిస్టరు మాత్రం రాయించాడు. అందులో సుమారు 3,000 పేర్లు ఉన్నాయి. వాషింగ్టన్ తోటలోంచే పారిపోయిన హ్యారీ పేరు కూడా ఉంది!

పీటర్స్ కుటుంబం ఎక్కిన ఓడ తుపానుకు దారి తప్పి బెర్ముడాకు కొట్టుకుపోయింది. చలికాలమంతా అక్కడే గడిచింది. 1784లో నోవా స్కోషియా చేరారు. ఇప్పటి కెనడా తూర్పు తీరం అది. అడవి, రాయి, పొడుగాటి మంచుకాలం. ఉచితంగా భూమి, మూడేళ్ళు తిండిగింజలు అన్నది సర్కారు మాట. తెల్ల లాయలిస్టులు కూడా భూమి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది, కాదనను. నల్లవాళ్ళ వంతు మాత్రం అందరికన్నా చివర. డిగ్బీ ఊరి పక్కన బ్రిండ్లీ టౌన్ అనే చోట ఇల్లు కట్టుకోవడానికి ఎకరం ముక్కలు దొరికాయి, సాగుకు పొలం దొరకలేదు. వచ్చిన కొద్ది తిండికి కూడా రోడ్డు పని చేయమన్నారు. పైగా తెల్ల లాయలిస్టులు కొందరు తమ బానిసలను వెంట తెచ్చుకున్నారు. ఒకే ఊళ్ళో, ఒకే రంగు మనుషుల్లో ఒకడు స్వతంత్రుడు, ఇంకొకడు బానిస. 1784 జూలైలో షెల్బర్న్ పట్నంలో, పనిలేక ఉన్న తెల్ల సైనికులు కొందరు, వీళ్ళు తక్కువ కూలికి వచ్చి మన పొట్ట కొడుతున్నారంటూ సుమారు 20 నల్లవాళ్ళ ఇళ్ళు కూలగొట్టారు.

పీటర్స్ మొదటి అర్జీ ఆ ఏడాదే పెట్టాడు, గవర్నరు పార్‌కు. తోటి సార్జెంటు మర్ఫీ స్టిల్ కూడా తోడున్నాడు. ఆ తర్వాత అర్జీ మీద అర్జీ. మన ఊళ్ళలో పట్టా కోసం తాసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగే రైతు లాంటివాడే అనుకోండి. ఆరేళ్ళయినా పొలం రాలేదు. 1790లో వందలాది కుటుంబాల తరఫున ఓడెక్కి లండన్ బయల్దేరాడు. దారిలో ఎవడైనా పట్టుకొని మళ్ళీ అమ్మేసే ప్రమాదం ఉంది. నాకు ఈ మనిషి మీద గౌరవం కలిగేది ఇక్కడే. యుద్ధంలో అయిన గాయాలకన్నా ఈ ప్రయాణం పెద్దది.

లండన్‌లో పాత సేనాని క్లింటన్ సాయం చేశాడు. బానిసత్వం మీద పోరాడుతున్న గ్రాన్‌విల్ షార్ప్ దగ్గరికి చేరాడు. అప్పుడే పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్‌లో ఊరు కట్టాలని ఒక కంపెనీ తయారవుతోంది. రాదలచుకున్నవాళ్ళకు అక్కడ భూమి ఇస్తామన్నారు: మగవాడికి 20 ఎకరాలు, భార్యకు 10, ఒక్కో బిడ్డకు 5. జనాన్ని చేర్చడానికి జాన్ క్లార్క్‌సన్ అనే నౌకాదళ లెఫ్టినెంటును పంపారు. అతను నోవా స్కోషియాలో తిరిగితే, పీటర్స్ తన మనుషులను కూడగట్టాడు. ఇంత చవక కూలీలు పోతే ఎలాగని అక్కడి పెద్దలు లబోదిబోమన్నారు. 1792 జనవరిలో హాలిఫాక్స్ రేవు నుంచి 15 ఓడల్లో దాదాపు 1,200 మంది బయల్దేరారు. మార్చికల్లా ఫ్రీటౌన్ ఊరు మొదలైంది.

అక్కడా భూమి చప్పున చేతికి రాలేదు. అధికారులంతా లండన్ నుంచి వచ్చిన తెల్లవాళ్ళే. పీటర్స్ ఊరుకోలేదు, జనం తరఫున గొంతెత్తాడు. క్లార్క్‌సన్‌కు టెన్షన్ పట్టుకుంది. గంట కొట్టించి జనాన్ని పిలిచి, ఈ గొడవ తేలేలోపు మా ఇద్దరిలో ఒకరు ఈ చెట్టుకు వేలాడక తప్పదేమో అన్నాడు. తర్వాత పీటర్స్ మీద ఒక చనిపోయినవాడి సొత్తు తీసుకున్నాడని నేరం మోపారు. అది నాకు రావాల్సిన బాకీ అన్నాడతను. జ్యూరీ నమ్మలేదు. జూన్‌లో జ్వరంతో చనిపోయాడు. మనకు తెలిసిన వివరాల్లో చాలా భాగం క్లార్క్‌సన్ డైరీలోంచి వచ్చినవే, అంటే అవతలి పక్షంవాడి రాత. అది మనసులో పెట్టుకొని చదవాలి.

శిస్తు ఉండదని క్లార్క్‌సన్ చెప్పిన మాటనూ కంపెనీ నిలబెట్టుకోలేదు. 1800లో జనం తిరగబడితే సైన్యంతో అణచి ఇద్దరిని ఉరితీశారు, మరికొందరిని ఊరి నుంచి వెళ్ళగొట్టారు. ఆ వెళ్ళగొట్టినవాళ్ళలో హ్యారీ ఉన్నాడు. నోవా స్కోషియా నుంచి వచ్చినవాళ్ళ వారసులు ఇప్పుడు అక్కడి క్రియో జనంలో భాగం.

అట్లాసు తీసి విల్మింగ్టన్, డిగ్బీ, లండన్, ఫ్రీటౌన్ వెతకండి. దొరక్కపోతే ఆదివారం ఫోన్ చేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య