ఓట్స్ గిన్నెలో ఏది ముందు, ఏది వెనక

బదిలీ మీద అనంతపురం వచ్చి అద్దె ఇంట్లో దిగినా, చదువు కోసం వచ్చి నలుగురితో కలిసి రూము తీసుకున్నా, మొదటి వారం వంటిల్లు చేతికి అలవాటు పడదు. స్టవ్ సెగ ఎంతో తెలియదు, గిన్నెలు మనవి కావు, కొలత కప్పులు ఉండవు. అలాంటి పొద్దున హడావుడిగా ఓట్స్ ఉడకబెట్టి, చప్పగా జిగురుగా ఉందని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. మంచి దినుసులన్నీ వేసినా అలాగే రావచ్చు. ఇందులో రుచి చాలావరకు ఏది ముందు వేశాం, ఏది తర్వాత వేశాం అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ముందుగా డబ్బా మూత తీసి వాసన చూడండి. పాలిష్ పట్టిన బియ్యంలో కొవ్వు ఒక శాతం లోపే, ఓట్స్‌లో దాదాపు 7 శాతం. గింజ నలిగిందంటే అందులోని లైపేజ్ అనే ఎంజైమ్ ఆ కొవ్వును విడగొట్టి చేదు తెస్తుంది. అందుకే ఫ్యాక్టరీలో ముందు ఆవిరి పట్టి ఎంజైమ్ పని ఆపేస్తారు, ఆ తర్వాతే అటుకుల్లా నొక్కుతారు. అయినా డబ్బాలో గాలి తగులుతూ ఉంటే కొవ్వు మెల్లగా పాడవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో ఇంకా త్వరగా పాడవుతుంది. ఇంట్లో ఎవరో ఎప్పుడో విప్పిన ప్యాకెట్ కనబడి, అది పాత నూనె వాసన వేస్తుంటే పారేయండి. ఎంత తియ్యటి పండు వేసినా ఆ కంపు పోదు.

తర్వాత వేయించాలి. ఉప్మాకి రవ్వ వేయించే మనమే ఓట్స్‌ని మాత్రం నేరుగా నీళ్లలో వేసేస్తాం. నీళ్లు ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. కమ్మటి వాసనలు పుట్టించే చర్య చురుగ్గా జరగాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగునూ వాసననూ ఇచ్చే ఆ చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయ్యార్ 1912లో వివరించాడు. వేయించిన వేరుశెనగ వాసనలో ఉండే పైరజీన్లు అనే పదార్థాలు ఇక్కడా పుడతాయి. అర చెంచా నెయ్యి, సన్నని సెగ, నాలుగైదు నిమిషాలు. కొత్త స్టవ్ మీద గడియారం కన్నా ముక్కునే నమ్మాలి. వాసన మారగానే నీళ్లు పోసేయండి.

కొలతకి ఇంట్లో ఏ గ్లాసు దొరికినా సరే. ఒక గ్లాసు ఓట్స్‌కి అదే గ్లాసుతో రెండు నీళ్లు, చివర్లో అర గ్లాసు పాలు. పాలు ముందే పోయకపోవడానికి కారణం ఉంది. పలుచని సత్తు గిన్నెలో మంట తగిలినచోటే వేడి ఎక్కువై, పాల ప్రోటీన్లు అడుగంటి మాడతాయి. నీళ్లలోనైతే 60 డిగ్రీల దగ్గరే పిండి రేణువులు ఉబ్బడం మొదలవుతుంది, బీటా గ్లూకాన్ అనే పీచు మెల్లగా కరిగి చిక్కదనం ఇస్తుంది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను తగ్గించేది ఈ పీచే. అందుకు రోజుకి 3 గ్రాములు కావాలి, 40 గ్రాముల ఓట్స్‌తో అందులో సుమారు సగం అందుతుంది. ఉప్పు చిటికెడు తప్పకుండా వేయండి. సోడియం చేదును అణచి తీపిని పైకి తెస్తుంది.

పండు కోసే ముందు చాకునూ పలకనూ సబ్బుతో కడగండి. సీమ వంటింట్లో ఆ చాకు పొద్దున్నే పచ్చిమిర్చి కోసి ఉంటుంది. మిర్చి కారమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు. ఊరికే నీళ్లకింద పెట్టి తీస్తే అరటిపండు ముక్కలు మంట పుట్టిస్తాయి.

పండ్ల విషయంలో అనంతపురం నిజంగా అదృష్టవంతుల ఊరు. అరటి, చీనీ, దానిమ్మ, బొప్పాయి అన్నీ ఈ జిల్లా తోటల్లోనే పండుతాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై ఓడరేవుకి అరటిపండ్లతో ప్రత్యేక రైలే వెళ్లింది. ఈ అరటినే రెండు భాగాలు చేసుకోవాలి. పచ్చికాయలో బరువులో ఐదో వంతు దాకా పిండే, మాగేసరికి దాదాపు అంతా చక్కెర అవుతుంది. అందుకే తొక్క మీద గోధుమరంగు చుక్కలు పడ్డ పండు ఎంచుకుని, సగం మెదిపి ఉడుకుతున్న ఓట్స్‌లో కలపండి. పంచదార అక్కర్లేదు. మిగతా సగం స్టవ్ ఆపాక వేయండి. అరటి వాసననిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ ఇట్టే ఆవిరైపోతుంది, ఉడికిన ముక్కలో తీపి ఉంటుంది గానీ ఆ పరిమళం ఉండదు.

చీనీ (బత్తాయి) దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. దాని పులుపుకి వేడి పాలు విరుగుతాయి. పరమాన్నంలో బెల్లం స్టవ్ ఆపాక వేయమని పెద్దవాళ్లు చెప్పేదీ ఇందుకే. ఇంకొకటి, తొన పొరల్లో రుచి తెలియని ఒక పదార్థం ఉంటుంది. రసంలోని ఆమ్లం తగిలితే అది లిమోనిన్‌గా మారి చేదెక్కుతుంది, వేడి తగిలితే మరీ త్వరగా. కాబట్టి పొరలూ గింజలూ తీసేసి, తొనలు మాత్రం తినబోయే ముందు పైన పెట్టుకోవాలి. బొప్పాయి బాగా మాగినదైతేనే వేయండి. దోరకాయ నుంచి కారే తెల్లటి జిగురులోని పపైన్ అనే ఎంజైమ్ పాల ప్రోటీన్లను ముక్కలు చేసి చేదు తెస్తుంది. దానిమ్మ గింజలు కలిపేయకుండా పైన చల్లండి. ఆ ఎర్రరంగు పులుపులోనే ఎర్రగా ఉంటుంది, పాలల్లో నలిగితే వెలిసిన ఊదారంగుకి తిరుగుతుంది.

స్టవ్ మాత్రం ఇంకా కాస్త జారుగా ఉండగానే ఆపాలి. చల్లారేకొద్దీ పిండి అణువులు మళ్లీ అల్లుకుని ఓట్స్ గట్టిపడతాయి. అప్పటికే గట్టిపడిపోతే రెండు చెంచాల వేడి పాలు పోసి కలిపితే సరిపోతుంది.