పథ్యంతో పాలిప్ కరగదు: పెద్దపేగు పిలకలపై అపోహలు - వాస్తవాలు

కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, పాలిప్ ఉందని తేలి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. "ఇప్పుడు ఏం తినాలి డాక్టరు గారూ?" అన్నది మొదటిది. దానికి ఎంతసేపైనా జవాబు చెప్తాను. "తిండి మార్చుకుంటే పాలిప్ దానంతటదే కరిగిపోతుందటగా?" అన్నది రెండోది. దానికి జవాబు ఒక్క ముక్కే. కరగదు.

అపోహ: పథ్యం చేస్తే పాలిప్ పోతుంది, తీయించుకోనక్కర్లేదు.

ఈ పోస్టు రాస్తున్నదే దీనికోసం. పేగులను కడిగేస్తామనే పొడులు, పాలిప్స్ రాలిపోతాయనే కషాయాలు వాట్సాప్‌లో రోజూ తిరుగుతున్నాయి. పాలిప్ పేగు గోడకు అంటుకున్న మురికి కాదు. పేగు లోపలి పొరలోని కణాలు అదుపు తప్పి పెరగడంతో మొలిచిన కండ. దానికి సొంత రక్తనాళాలు ఉంటాయి. ఏ చూర్ణం వేసుకుని ఎన్నిసార్లు విరేచనాలు చేసుకున్నా మలం పోతుంది గానీ కండ ఊడిరాదు.

రైస్ మిల్లు నడిపే ఒకాయన ఉండేవారు. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. మలంలో రక్తం పడుతోందని వస్తే కొలనోస్కోపీలో రెండు సమస్యలు కనిపించాయి. కింద మొలలు, ఇంకాస్త పైన సెంటీమీటరు దాటిన పాలిప్. గుండె డాక్టరును అడిగి, మాత్రల సంగతి తేల్చుకుని రండి, తీసేద్దాం అని చెప్పి పంపాం. ఆయన రాలేదు. ఇంట్లో పథ్యం మొదలుపెట్టారు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నంలో ఆకుకూర పప్పు, సాయంత్రం నడక. సిగరెట్ మానేశారు. బరువు తగ్గారు, షుగర్ అదుపులోకి వచ్చింది, రక్తం పడటం ఆగిపోయింది.

ఇక పాలిప్ కరిగిపోయిందని ఆయన నమ్మారంటే తప్పు పట్టలేను. కళ్లెదుట రక్తం ఆగింది మరి. కానీ ఆగింది మొలల రక్తం. పీచు తినడంతో మలం మెత్తబడింది, ముక్కాల్సిన అవసరం తప్పింది, మొలలు సర్దుకున్నాయి. పాలిప్ ఎక్కడిదక్కడే ఉంది. అసలు పాలిప్స్‌లో చాలావరకు కంటికి కనిపించేలా రక్తం కారవు. కారినా కొన్నాళ్లు కారి ఆగుతాయి. ఆగినప్పుడల్లా ఏదో ఒక కషాయానికి పేరు వస్తుంది.

మూడేళ్ల తర్వాత మెట్లెక్కితే ఆయాసం అంటూ వచ్చారు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. స్కోపు వేసి చూస్తే అదే చోట క్యాన్సర్. స్కోపులోంచి వైరు ఉచ్చు వేసి కాసేపట్లో తీసేయగలిగింది, పేగు కోసి అతికే ఆపరేషన్ దాకా వెళ్లింది. "ఒక్క పూట తప్పకుండా చేశారండీ" అని ఆయన భార్య అంటూనే ఉన్నారు. నిజమే, ఆయన నిష్ఠలో లోపం లేదు. ఆ నిష్ఠను పక్కదారి పట్టించిన వీడియోల మీదే నా కోపం.

దీన్ని పరీక్ష పెట్టి చూశారు కూడా. అమెరికాలో పాలిప్స్ తీయించుకున్న 2079 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, పీచు, పండ్లు, కూరగాయలు పెంచి తినడం నేర్పారు. 2000లో ఫలితాలు వచ్చాయి. నాలుగేళ్లలో మళ్లీ పాలిప్స్ వచ్చినవాళ్లు ఆ జట్టులో 39.7 శాతం, మామూలుగా తిన్నవాళ్లలో 39.5 శాతం. అదే, పాలిప్స్‌ను తీసేసి తర్వాత కూడా గమనిస్తూ వచ్చిన మరో అధ్యయనంలో, అంచనా వేసినదానికన్నా పెద్దపేగు క్యాన్సర్లు 76 నుంచి 90 శాతం తగ్గాయని 1993లో తేలింది. తీయించుకోవడానికీ పథ్యానికీ మధ్య తేడా అంత ఉంది.

మరి తిండితో పనే లేదా? ఉంది. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. తిండి, అలవాట్ల ప్రభావం కూడా అలాగే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నాలుగేళ్ల పథ్యంతో దాన్ని కొలవలేం. నీళ్లూ ఎరువూ తగ్గిస్తే కొత్త కలుపు తక్కువ రావచ్చు, మొలిచినదాన్ని మాత్రం పీకాల్సిందే.

అలవాట్లలో నేను ముందు అడిగేది సిగరెట్, ఆ తర్వాత మందు, ఆ తర్వాత పొట్ట చుట్టుకొలత. మనవాళ్లు మాత్రం వంకాయ తినొచ్చా, గోంగూర తినొచ్చా అని అడుగుతారు. తినండి! పొగ తాగేవాళ్లలో పాలిప్స్ ఎక్కువని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. మద్యం పెద్దపేగు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. సాసేజ్, బేకన్, సలామీ లాంటి నిల్వ మాంసాలను 2015లో అదే విభాగం మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లో, అంటే క్యాన్సర్ తెస్తాయని ఖాయంగా తేలినవాటిలో, చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. అమెరికాలో ఉండి పిల్లల లంచ్ బాక్సుల్లో ఇవే సర్దుతున్న మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పండక్కి వండుకునే మటన్ గురించి అంత టెన్షన్ వద్దు, రోజూ తినేదే లెక్క.

పీచు విషయానికొస్తే, 100 గ్రాముల పాలిష్ బియ్యంలో అది 3 గ్రాములకు మించదు, రాగుల్లో 11 గ్రాముల దాకా ఉంటుంది. మూడు పూటలా తెల్లన్నమే తినే ఇంట్లో ఒక పూట మార్చినా మేలే.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"నేను శాకాహారిని, నాకు రాదు." ముప్పు కొంత తక్కువే, కానీ వయసూ వంశపారంపర్యమూ శాకాహారులకు కూడా ఉంటాయి. ఉల్లిపాయ కూడా ముట్టనివాళ్లకు పాలిప్స్ తీశాను.

"కారం, ఆవకాయ వల్లే వచ్చాయి." ఆధారం లేదు. మొలలున్నవాళ్లకు మంట పుడుతుంది, అంతే.

"జామ గింజలు పేగులో ఇరుక్కుని పాలిప్స్ అవుతాయి." కావు. కొలనోస్కోపీకి ముందు కొన్ని రోజులు గింజలు మానమనేది అవి స్కోపు గొట్టానికి అడ్డుపడతాయని.

"వేడి చేసి రక్తం పడుతోంది." మా పెదనాన్న సబ్జా నీళ్లు తాగుతూ ఒక వేసవంతా ఇలాగే గడిపేశారు. ఆయనకు మొలలే కావడం అదృష్టం. నలభై ఐదు దాటాక రక్తం పడితే సబ్జాతో ఆగకుండా చూపించుకోండి. చిన్నపిల్లలకు నొప్పి లేకుండా రక్తం పడినా చూపించాలి. వాళ్లకు వచ్చే పాలిప్ చాలావరకు ఒక్కటే ఉంటుంది, ప్రమాదకరం కాదు, తీసేస్తే సరిపోతుంది.

"పాలిప్ అంటే క్యాన్సరే." ఈ భయంతో నిద్రపోనివాళ్లను చూస్తే జాలేస్తుంది. పాలిప్స్‌లో చాలావరకు ఎప్పటికీ క్యాన్సర్ కావు. సెంటీమీటరు లోపు అడినోమాలు (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న రకం పాలిప్స్) ఒకటో రెండో ఉంటే, పేగు శుభ్రంగా ఉండి పూర్తిగా చూడగలిగితే, అమెరికా నిపుణుల సూచన ప్రకారం మళ్లీ చూడాల్సింది 7 నుంచి 10 ఏళ్లకు. ఏటేటా చేయించుకోవద్దు. సెంటీమీటరు, అంతకు మించి ఉన్నా, తీసిన ముక్కను పరీక్షించిన బయాప్సీ రిపోర్టులో 'విల్లస్' అనో 'హై గ్రేడ్ డిస్‌ప్లేసియా' అనో (ముప్పు ఎక్కువని చెప్పే మాటలివి) ఉన్నా మూడేళ్లకే రావాలి.

అందుకే ఆ బయాప్సీ కాగితం పారేయకండి. పెద్ద పాలిప్ లేదా క్యాన్సర్ బయటపడితే దాని జిరాక్స్ మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఇవ్వండి. వాళ్లు 40 ఏళ్లకు, లేదా మీకు బయటపడిన వయసుకు 10 ఏళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ గురించి డాక్టరుతో మాట్లాడాలి.