పాత సైకిల్ రేసు డాక్యుమెంటరీలు: కెమెరా వెనక నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను డాక్యుమెంటరీ కెమెరామన్‌ని. ఈ మధ్య సైక్లింగ్ క్లబ్బుల కుర్రాళ్లు తమ రైడ్లు షూట్ చేయమని పిలుస్తున్నారు. కూర్చోగానే ఫోన్ తీసి ఏదో పాత క్లిప్ చూపించి, "అన్నా, మాకు ఇలా కావాలి" అంటారు. చాలాసార్లు అది ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన దారుల మీద సాగే పారిస్-రూబే సైకిల్ రేసు, 1976 నాటిది, దాని మీద డెన్మార్క్ దర్శకుడు యోర్గన్ లెత్ తీసిన 'ఎ సండే ఇన్ హెల్' అయి ఉంటుంది. అభిరుచికి వంక పెట్టలేను. కానీ ఆ అందం ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే లెక్క తప్పుతోంది. ప్రతిసారీ టీ చల్లారేదాకా చెప్పేదాన్ని ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: ఆ వెలిసిన రంగుల్లోనే ఉంది మ్యాజిక్కంతా.

వాస్తవం: ఆ రంగులు దర్శకుడు కోరుకున్నవి కావు. అప్పటి కలర్ ఫిల్మ్‌లో రంగునిచ్చే రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. అన్నీ ఒకే వేగంతో పోవు. ముందు నీలి ఛాయ పోతే, మిగిలిన బొమ్మ గులాబీ రంగుకు తిరుగుతుంది. మన డెబ్బైల నాటి తెలుగు సినిమాల ప్రింట్లు ఎర్రబారి కనిపించేదీ ఇందుకే. ఆ రోజు ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటులో జెర్సీలు ధగధగలాడుతూ ఉండేవి. ముసలితనాన్ని స్టైల్ అనుకుని ఫిల్టర్ వేసుకుంటున్నాం. వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఫ్రేము బాగోకపోతే ఫిల్టరేం చేస్తుంది?

అపోహ: కెమెరా రైడర్ల పక్కనే ఉంది కాబట్టి అంత దగ్గరగా అనిపిస్తుంది.

వాస్తవం: గుండెలు పట్టేసే షాట్లలో చాలావాటికి కెమెరా ఎంతో దూరంలో ఉంటుంది. కెనడాలో జాన్-క్లోడ్ లాబ్రెక్ 1965లో తీసిన '60 సైకిల్స్' అనే చిన్న సినిమా చూడండి. క్యుబెక్‌లో జరిగిన సెయింట్ లారెన్స్ రేసు అది. తిన్నటి రోడ్డుకు ఎదురుగా పొడుగాటి టెలీ లెన్స్, అంటే దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్స్, పెట్టారు. గుంపు మనవైపే వస్తుంటుంది, కాళ్లు ఆడుతూనే ఉంటాయి, అయినా ఎవరూ దగ్గరికి రారు. టెలీ లెన్స్‌లో ముందూ వెనకా ఉన్న దూరం అణిగిపోతుంది. పది మీటర్ల ఎడంతో ఉన్న ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు ఉన్నట్టు కనిపిస్తారు. పైగా ఎండకు తారురోడ్డు మీద గాలి మరుగుతూ బొమ్మంతా నీళ్లలో ఊగినట్టు ఊగుతుంది. రైడర్ పడే అవస్థ గురించి ఒక్క మాట లేకుండానే మనకు ఆయాసం వస్తుంది. ఇదే రోడ్డును వైడ్ లెన్స్‌తో తీస్తే ఎవరో సరదాగా సైకిల్ తొక్కుతున్నట్టు ఉంటుంది. మీ ఊరి రోడ్డు మీదే ప్రయత్నించి చూడండి, ట్రైపాడ్ మాత్రం గట్టిది ఉండాలి.

అపోహ: బైక్ వెనక కూర్చుని వెంటపడితే చాలు, మిగతాది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

దీనికి నేనే సాక్షిని. కొత్తల్లో ఒక రేసుకు బైక్ మీద వెనక్కి తిరిగి కూర్చుని, బైక్ నడిపేవాడి నడుముకు నన్ను తువ్వాలుతో కట్టించుకుని, దాదాపు నాలుగు గంటలు షూట్ చేశాను. ఇంటికొచ్చి చూస్తే అంతా ఒకటే షాట్: హెల్మెట్లు, వాటి వెనక అదే రోడ్డు. చివరికి వాడుకున్నది, బైక్ పంక్చరై ఆగినప్పుడు కల్వర్టు మీద నిలబడి తీసిన రెండు నిమిషాలు.

అప్పటివాళ్లకు ఈ విలాసమే లేదు. 16 ఎంఎం కెమెరాలో 400 అడుగుల రీలు సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 11 నిమిషాలు వస్తుంది. చిన్న 100 అడుగుల రీలైతే మూడు నిమిషాలు కూడా రాదు. అప్పట్లో పారిస్-రూబే ఆరు గంటలు దాటే రేసు. మ్యాగజైన్ (రీలు ఉండే డబ్బా) మార్చేలోపు గుంపు వెళ్లిపోతుంది. కాబట్టి బటన్ నొక్కకముందే ఎక్కడ నిలబడాలి, దేనికోసం ఎదురుచూడాలి, ఏం వదిలేయాలి అన్నీ తేలిపోవాలి. లెత్ డజనుకు మించి కెమెరామెన్‌ని దారి పొడవునా, మోటార్ సైకిళ్ల మీద, ఒక హెలికాప్టర్‌లో సర్దాడు. కథ కోసం నలుగురు రైడర్లను హీరోలుగా ముందే ఎంచుకున్నాడు: మెర్క్స్, డె వ్లామింక్, మార్టెన్స్, మోజర్. తీరా గెలిచింది మార్టెన్స్ జట్టులోని మార్క్ డిమేయర్! సినిమా ఏమీ దెబ్బతినలేదు. ఎందుకంటే కెమెరాలు కాసుకున్నది రాళ్ల దారి దగ్గర, ధూళి దగ్గర. అటుగా ఎవరొచ్చినా వాళ్లకు దొరికినట్టే.

అపోహ: పారిస్-రూబేకు 'నరకం' అన్న పేరు ఆ రాళ్ల దారి వల్లే వచ్చింది.

వాస్తవం: మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో రేసును మళ్లీ నడపడానికి దారి చూడబోయినవాళ్లకు ఫిరంగి గుండ్లు పడిన గుంతలు, మాడిన చెట్లు, కూలిన ఊళ్లు కనిపించాయి. 'ఉత్తరాది నరకం' అన్న మాట అక్కడిది. రాళ్లు పరిచిన రోడ్లు అప్పట్లో మామూలే. అన్నట్టు లెత్ సినిమా డేనిష్ పేరులో ఆదివారం లేదు, 'నరకంలో ఒక వసంత దినం' అని ఉంటుంది. నాకైతే అదే బాగుంది.

అపోహ: వినిపించే శబ్దమంతా అక్కడ రికార్డయినదే.

మోటార్ సైకిల్ ఇంజన్ పక్కన మైకు పెట్టి టైరు సవ్వడి పట్టుకోండి చూద్దాం. ఆ రోజుల్లో రేసు బొమ్మ ఒకవైపు, శబ్దం ఇంకోవైపు తయారయ్యేవి. చాలావరకు తర్వాత కూర్చి అతికించినవే.

అపోహ: ఇవి రేసు రిపోర్టులు, ఎవరు గెలిచారన్నదే అసలు విషయం.

వాస్తవం: ఫలితం కావాలంటే మర్నాడు పేపర్లో ఉంటుంది. 1962 టూర్ డి ఫ్రాన్స్‌లో గెలిచింది ఫ్రెంచ్ రైడర్ ఆంకెటీల్. దర్శకుడు లూయీ మాల్ ఆ టూర్ మీద తీసిన 18 నిమిషాల 'వీవ్ ల టూర్'లో నాకు గుర్తుండిపోయింది ఆయన కాదు. దాహంతో సైకిళ్లు దిగి దారిపక్క కేఫుల్లోకి దూరి, చేతికందిన సీసాలు జెర్సీల్లో కుక్కుకుని పరిగెత్తే రైడర్లు. కెమెరా వాళ్ల వెనకే లోపలికి దూరుతుంది. చూస్తుంటే పెళ్లి భోజనాల దగ్గర తోపులాటలా ఉంటుంది.

లెత్ సినిమా మొదలయ్యేదీ రేసుతో కాదు. ఒక మెకానిక్ సైకిల్‌ని శుభ్రం చేస్తుంటాడు. చెయిన్, చక్రం, చేతులు. తొందరే లేదు. తర్వాత సమ్మెలో ఉన్న 'లె పారిసియన్ లిబెరె' పత్రిక ప్రెస్ కార్మికులు రేసుకు అడ్డం పడతారు. కెమెరా దాన్ని అంతరాయంగా చూడదు, అదీ ఆ రోజు జరిగిన పనే. అన్నీ అయ్యాక, రేసు ముగిసే రూబే వెలోడ్రోమ్ (సైకిల్ ట్రాక్ ఉన్న స్టేడియం) స్నానాల గదులు. తక్కువ ఎత్తు సిమెంటు గోడల అరల్లో బక్కపలచని మగాళ్లు, మెడ దాకా నల్లటి ధూళి. ఇంత జరిగాక కూడా విలేకరులు అక్కడికి వచ్చి ప్రశ్నలు వేస్తుంటారు. రైడర్లు ఒళ్లు రుద్దుకుంటూనే జవాబు చెబుతుంటారు.

మొన్న వచ్చిన క్లబ్బువాళ్లను రైడ్ అయ్యాక ఎక్కడ కాళ్లు కడుక్కుంటారని అడిగాను. పెట్రోల్ బంక్ పక్కన కుళాయి ఉందన్నారు. ఈసారి ఒక కెమెరా అక్కడ పెడుతున్నాను.