"పరిశోధనలో తేలింది" అంటే నిజంగా ఏం తేలినట్టు? అపోహలు - వాస్తవాలు

మే నెలలో ఊరెళ్తే పెదనాన్న అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చారు, "ఇది చదివి చెప్పమ్మా, నిజమేనా" అని. వాట్సాప్ మెసేజ్ అది, జిప్సం వేస్తే చౌడు నేల బాగైపోతుందని పరిశోధనలో తేలిందంట, ఎవరు చేశారు ఎక్కడ చేశారు ఏమీ లేదు. అప్పటికే బస్తాలు తెప్పించి కొబ్బరి చెట్ల కింద పేర్పించేశారు. నేను చేసే పనే అది, కోనసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళ నుంచి మట్టి తెచ్చి ఉప్పు కొలవడం, కాలేజీలో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పడం. అలాంటిది మా ఇంట్లోవాళ్ళకే రీసెర్చ్ మాటని ఎలా చదవాలో చెప్పలేదే అని ఆ రోజు చాలా బాధేసింది. అందుకే తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఒక చోట పనిచేసిందని రుజువైతే మన చేలో కూడా పనిచేస్తుంది

జిప్సం మాట అబద్ధం కాదు, ఎన్నో ఏళ్ళుగా రుజువైందే, కాకపోతే ఏ చౌడుకి అన్నది మెసేజ్‌లో లేదు. పాల చౌడు వేరు, కారు చౌడు వేరు, ఈ తేడా మన పాత రైతులకి బాగా తెలుసు. ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పేరుకునేది పాల చౌడు, అందులో నీళ్ళల్లో కరిగే లవణాలు ఎక్కువ, ఈసీ (కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పుని చెప్పే కొలత) మీటరుకి 4 డెసీసైమన్స్ దాటుతుంది గానీ పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 8.5 లోపే ఉంటుంది. కారు చౌడులో అయితే సోడియం మట్టి రేణువుల్నే అంటిపెట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 పైన, తడిస్తే జిగురు ఎండితే రాయి, నీళ్ళు కిందికి దిగవు. జిప్సంలో ఉన్న కాల్షియం ఆ సోడియంని నెట్టేసి దాని చోట్లో చేరుతుంది, తర్వాత నీళ్ళు పెట్టి ఆ సోడియంని కడిగి బయటికి పంపాలి. అంటే అది కారు చౌడు మందు.

పెదనాన్న మట్టి తీసుకెళ్ళి కొలిస్తే పీహెచ్ 7.8, ఈసీ 6 దాకా వచ్చింది. పాల చౌడు. దీనికి కావాల్సింది మంచినీళ్ళు నిలగట్టి ఉప్పుని కరిగించి మురుగు కాలవలోకి వదలడం, మరి ఆ మురుగు కాలవేమో గుర్రపుడెక్క పట్టి పూడిపోయి ఉంది, పైగా పోటు వేళ ఉప్పునీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. అసలు జబ్బు అక్కడుంటే బస్తాలకి డబ్బులు పోశారు పాపం. పరిశోధన తప్పు కాదు, ఏ నేల మీద చేశారో ఆ ఒక్క వాక్యం మెసేజ్‌లో ఎగిరిపోయింది అంతే.

అపోహ: రీసెర్చ్ పేపర్ వచ్చిందంటే అది నిజమే

పేపర్ అంటే తీర్పు కాదండి, "మేం ఇలా చేశాం, మాకు ఇది కనిపించింది, మీరూ చూడండి" అని తోటివాళ్ళ ముందు పెట్టడం. జర్నల్‌కి పంపితే అదే ఫీల్డ్‌లో ఉన్న ఇద్దరో ముగ్గురో చదివి తప్పులు పడతారు, దాన్నే పీర్ రివ్యూ అంటారు, కానీ వాళ్ళు మన ప్రయోగం మళ్ళీ చేసి చూడరు, రాసింది చదివి మాత్రమే చెప్తారు. ప్రీప్రింట్ అంటే ఆ రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టేసే పేపర్, దానికి ఆ మాత్రం వడపోత కూడా ఉండదు.

2023 జులైలో కొరియా సైంటిస్టులు ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు వేడిలోనే సూపర్‌కండక్టర్ (ఏ అడ్డూ లేకుండా కరెంటుని పారనిచ్చేది) అని ప్రీప్రింట్ పెడితే ప్రపంచమంతా ఊగిపోయింది, మా స్టూడెంట్స్ కూడా రోజూ అదే అడిగేవాళ్ళు. ఢిల్లీలో మన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో సహా చాలా చోట్ల తయారుచేసి చూశారు, కొన్ని వారాల్లోనే కాదని తేలిపోయింది, అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ వల్ల వచ్చిన మార్పుని వాళ్ళు అలా అనుకున్నారు. చాలామంది దీన్ని సైన్స్ పరువు పోయిన కథలా చెప్తారు, నాకైతే సైన్స్ సరిగ్గా పనిచేసిన కథలా అనిపిస్తుంది. కానీ అన్ని ఫీల్డ్స్‌లో ఇంత త్వరగా తేలదు, సైకాలజీలో 100 ప్రయోగాల్ని వేరేవాళ్ళు మళ్ళీ చేసి 2015లో ఫలితాలిస్తే మూడోవంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే మళ్ళీ నిలబడ్డాయి.

నాకూ జరిగింది ఇది. పీహెచ్‌డీ మొదటి ఏడాది కుండీల్లో పచ్చిరొట్ట వేసి ఉప్పు తగ్గిందని ఎంత సంబరపడ్డానో, మూడే కుండీలు, తర్వాతి సీజన్ పన్నెండు కుండీల్లో చేస్తే ఆ తేడా కనపడలేదు. మా గైడ్ ఆ రెండు ఫలితాల్నీ థీసిస్‌లో రాయించారు, ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నా.

అపోహ: ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉంటే మంచి జర్నలే

ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబర్ అంతే, క్వాలిటీకి హామీ కాదు. డబ్బు కట్టు, మూడు రోజుల్లో వేస్తాం అనే జర్నల్‌కి మా స్టూడెంట్ ఒకమ్మాయి స్కాలర్‌షిప్ డబ్బులు పోసింది, కొన్నాళ్ళకి ఆ వెబ్‌సైటే లేదు. థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ ఉండాలన్న నిబంధనని యూజీసీ 2022లోనే తీసేసింది, మీ యూనివర్సిటీ రూల్ ఏంటో కనుక్కోకుండా దయచేసి ఎవరికీ డబ్బులు కట్టకండి. ప్రపంచం మొత్తం మీద 2023 ఒక్క ఏడాదే 10,000 పైన పేపర్లు వెనక్కి తీసుకున్నారు, అందులో ఎక్కువ భాగం ఒకే పబ్లిషర్ జర్నల్స్‌వి.

అపోహ: వరిలో జీన్ అన్న మాట వస్తే అది జీఎం పంటే

జీఎం అంటే ల్యాబ్‌లో బయటి జీన్ చొప్పించిన పంట. ఈ అపోహ మన డెల్టాలో చాలా గట్టిగా పాతుకుపోయింది. స్వర్ణ మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం రకం, ఎంటీయూ 7029, 1982లో వచ్చింది, దేశమంతా వేశారు, కానీ వరద నీళ్ళల్లో రోజుల తరబడి మునిగితే తట్టుకోలేదు. ఒడిశాలో ఎఫ్ఆర్13ఏ అనే పాత నాటు రకం మాత్రం తట్టుకుంటుంది, నీట మునగ్గానే ఎదుగుదల ఆపేసి ఉన్న శక్తి దాచుకుంటుంది. దానికి కారణమైన సబ్1ఏ జీన్‌ని 2006లో పట్టుకున్నారు. ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చింది మామూలు సంకరణంతోనే, జీన్ మార్కర్లు (ఆ జీన్ మొక్కలో ఉందో లేదో చెప్పే గుర్తులు) చూసుకుంటూ కావాల్సిన మొక్కల్నే ఏరుకుంటూ వచ్చారు, అలా 2009లో రిలీజైన స్వర్ణ-సబ్1 రెండు వారాల మునకని తట్టుకుంటుంది. అది జీఎం కాదు.

జీనోమ్ ఎడిటింగ్ మళ్ళీ వేరు. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు వరి రకాల్లో పూసా డీఎస్టీ రైస్ 1కి మూలం మన కాటన్‌దొర సన్నాలే, ఎంటీయూ 1010, అది కూడా మార్టేరుదే! బయటి జీన్ పెట్టలేదు, ఉన్న జీన్‌లోనే చిన్న మార్పు చేశారు, ఉప్పుని తట్టుకోవడానికి. నా సబ్జెక్టే కాబట్టి నాకు చాలా ఆశగా ఉంది, కానీ ప్రకటించిన దిగుబడి లెక్కల మీద ప్రశ్నలు లేవనెత్తినవాళ్ళూ ఉన్నారు, మన సఖినేటిపల్లి చేలల్లో రెండు మూడు సార్వాలు చూడకుండా నేనైతే ఎవరికీ వెయ్యమని చెప్పను.

అపోహ: వెంటనే పనికిరాని పరిశోధన దండగ

భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి చేసిన పని రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగు చూసి కొలవడం. వినడానికి చిన్న పని. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ అనే, ఒంటికి శక్తినందించే భాస్వరం పదార్థాలు బయటపడ్డాయి. మా ల్యాబ్‌లో మట్టి భాస్వరం చూసేటప్పుడు వచ్చే నీలిరంగు కూడా ఆయన పద్ధతిలోలాగే మాలిబ్డినంతో వచ్చేదే, ఆ రంగు తేలిన ప్రతిసారీ పిల్లలకి ఆయన గురించి చెప్తాను. కారికో, వైస్మన్ అనే శాస్త్రవేత్తల ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రోటీన్ తయారుచెయ్యాలో కణానికి చెప్పే అణువు) పేపర్ 2005లో వచ్చింది, అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, దాని ఆధారంగా కోవిడ్ టీకాలు వచ్చాక 2023లో నోబెల్ ఇచ్చారు.

అపోహ: రీసెర్చ్ అంటే ల్యాబ్ మాత్రమే

2018లో వచ్చిన ఒక పేపర్‌లో తెలుగు, కోయ, గోండి లాంటి 20 ద్రావిడ భాషల మాటల జాబితాలు తీసుకుని, జీవుల వంశవృక్షం కట్టే లెక్కల పద్ధతితోనే భాషల వంశవృక్షం కట్టారు, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని అంచనా వేశారు. అంచనా అని గుర్తుంచుకోవాలి, అటూ ఇటూ చాలా వందల ఏళ్ళ తేడా ఉండొచ్చు. చింతూరు వైపు సంతలో కోయ మాట్లాడే ముసలమ్మ నోట్లో మాట కూడా డేటానే.

పెదనాన్న ఆ బస్తాల్ని కారు చౌడు ఉన్న మా మేనత్తగారి ఊరు పంపించేశారు, ఇప్పుడు నలుగురితో కలిసి మురుగు కాలవ తవ్వించే పనిలో ఉన్నారు. మీరూ మీ మట్టి చూపించుకోండి. చేలో పది చోట్ల పైన చెత్త తీసి 15 సెంటీమీటర్ల లోతున వీ ఆకారంలో తవ్వి పక్క అంచు మట్టి తియ్యండి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగల్చండి, నీడలో ఆరబెట్టండి, ఎరువుల సంచిలో మాత్రం పొయ్యకండి. చౌడు మచ్చ ఉన్న చోటు మట్టిని మిగతా దాంట్లో కలపొద్దు, వేరే కవర్‌లో వేసి మీద రాయండి.