కొట్లాట కేసులో అప్పీలు: సాక్ష్యాన్ని మళ్లీ తూచే హక్కు

విశాఖలో జాలారిపేటలోనో గాజువాకలోనో గొడవవుతుంది. ఒకరికి చెయ్యి విరుగుతుంది. పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్తారు, గాయాల సర్టిఫికెట్ పోలీసులకు చేరుతుంది. కొన్నేళ్లకు మేజిస్ట్రేట్ కోర్టు శిక్ష వేస్తుంది. ఆ టెన్షన్‌లో ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: ‘అప్పీలుకి వెళ్తే శిక్ష తగ్గుతుందా?’ అంతకంటే ముందు అడగాల్సింది, అసలు నేరం రుజువైందా అని.

మన దగ్గర మొదటి అప్పీలంటే దయ చూపమని వేడుకోవడం కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఈ సంగతి ఉంది. జూరీ, అంటే తీర్పు చెప్పడానికి ఎంపిక చేసిన పౌరుల బృందం, విచారించిన కేసుల్లో అప్పీలు చట్టపరమైన అంశాలకే పరిమితం. మిగతా కేసుల్లో వాస్తవాల మీద కూడా వాదించవచ్చు. 1973 కోడ్ వచ్చేసరికి జూరీ మాటే లేదు. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ హక్కును అలాగే ఉంచింది. విశాఖవాసుల హైకోర్టు మద్రాసు నుంచి 1954లో గుంటూరుకి, 1956లో హైదరాబాద్‌కి, 2019లో అమరావతికి మారింది. మేజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద మొదటి అప్పీలు మాత్రం జిల్లాలోని సెషన్స్ కోర్టుకే.

అక్కడ తేలాల్సింది సాక్షులు ఎంతమంది అన్నది కాదు. ఫలానా సంఖ్యలో సాక్షులుండాలని 1872 సాక్ష్య చట్టం ఎక్కడా అనలేదు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు 1957లో సాక్షులను మూడు రకాలు చేసింది: పూర్తిగా నమ్మదగినవారు, బొత్తిగా నమ్మలేనివారు, ఆ మధ్యలో ఉండేవారు. మధ్యరకం వాళ్ల మాటకు మరో ఆధారం తోడు కావాలి. గాయపడ్డ మనిషి చెప్పిన సాక్ష్యానికి మామూలుగానే బరువెక్కువ. అందుకే ‘అతను అబద్ధం చెప్పాడు’ అనేసి ఊరుకుంటే చాలదు. పోలీసులకు మొదట చెప్పని ముఖ్యమైన మాట కోర్టులో కొత్తగా చెప్పాడా? క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించినప్పుడు, దాని గురించి అడిగారా? ఇవి చూపించాలి.

నా దృష్టిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఎక్స్‌రే. ఎముక విరిగితేనే చాలా కేసులు ‘తీవ్ర గాయం’ కిందికి వస్తాయి. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 325వ సెక్షన్ కింద దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉండేది. మామూలు గాయమైతే 323, గరిష్ఠంగా ఏడాది. ఎముక విరిగిందని సర్టిఫికెట్‌లో రాసి ఉన్నా, ఎక్స్‌రే ఫిల్ము కోర్టుకు రాలేదంటే అప్పీలులో గట్టిగా నిలదీయాల్సిన చోటు అదే.

లాయరు రాలేదని అప్పీలు కొట్టేయడానికి వీల్లేదనీ, జడ్జి రికార్డు చదివి తీర్పు చెప్పాలనీ బాని సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1996లో స్పష్టం చేసింది. సెషన్స్ కోర్టులోనూ ఓడితే హైకోర్టులో మిగిలేది రివిజనే, అంటే కింది కోర్టు తీర్పు చట్టప్రకారం సరిగ్గా ఉందో లేదో చూడమని అడగడమే. అందులో సాక్ష్యాన్ని మామూలుగా మళ్లీ తూచరు.

సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. జైలుశిక్ష పడ్డవారికి తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. దాంతోపాటు సాక్షుల వాంగ్మూలాల కాపీలకు కూడా అదే రోజు దరఖాస్తు పెట్టండి.