మస్టర్‌లో ఒకరు, రోడ్డు మీద ఇంకొకరు: నగరపాలనలో చిక్కుముడి ఎలా పడింది?

తెల్లవారుజామున మస్టర్ (హాజరు పట్టీ) పాయింట్ దగ్గర మేస్త్రీ పారిశుద్ధ్య కార్మికుల పేర్లు పిలుస్తుంటాడు. జ్వరంతో పడుకున్న మనిషి బదులు భార్యో, కొడుకో చీపురు పట్టుకుని వచ్చి నిలబడతారు. నాగా పడితే జీతం కోస్తారు, ఆ వీధి చెత్తా అలాగే ఉండిపోతుంది కాబట్టి అందరూ చూసీచూడనట్టు ఊరుకుంటారు. ఆ పూటే ట్రాక్టర్ తగిలి కొడుకు కాలు విరిగిందనుకోండి. కాగితం మీద మాత్రం ఆ రోజు పని చేసింది ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్న తండ్రి. కార్మికులకు వైద్యం, ప్రమాద భత్యం ఇచ్చే బీమా సంస్థ ఈఎస్‌ఐకి ప్రమాద నివేదిక ఎవరి పేరున పంపాలి? సిబ్బంది వ్యవహారాలు ఒక బల్ల మీద, ప్రమాదాల ఫైలు ఇంకో బల్ల మీద ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ముడి పడింది 1994లో. కర్నూలు మున్సిపాలిటీ నగరపాలక సంస్థగా మారింది ఆ ఏడాదే. సర్కారు కొలువుల్లో రోజుకూలీ నియామకాలకు తలుపు మూసిన 2/1994 చట్టం కూడా అప్పుడే వచ్చింది. ఏప్రిల్ 22న వచ్చిన 212 నంబరు జీఓ, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను మాత్రమే రెగ్యులర్ చేయవచ్చంది. ఊరు చూస్తే కల్లూరు వైపు పెరుగుతూ పోయింది. రిటైరైన పర్మనెంటు కార్మికుల స్థానంలో కొత్త పోస్టులు రాలేదు. ఆ ఖాళీలోకి కాంట్రాక్టర్లు వచ్చారు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పాక, కోర్టుకెళ్లి పర్మనెంటు చేయించుకునే దారీ ఇరుకైపోయింది.

పని కాంట్రాక్టరుకు అప్పగిస్తే ప్రమాద బాధ్యత కూడా అతనితోనే పోతుందన్న నమ్మకం ఆఫీసుల్లో బలంగా నాటుకుంది. అది మొదటినుంచీ తప్పే. 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్, 1948 ఈఎస్‌ఐ చట్టం 40వ సెక్షన్, 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్ మూడూ ఒకే మాట చెప్పాయి: కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని, అంటే పని అప్పగించిన సంస్థ, కట్టాలి, ఆనక కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి కార్మిక కోడ్‌లు వచ్చి చట్టాల పేర్లు మారాయి, ఈ సూత్రం మాత్రం మారలేదు. పురపాలక సంస్థలను పీఎఫ్ చట్టం కిందికి తెచ్చే నోటిఫికేషన్ 2011 జనవరిలో వచ్చింది. జీతంలో కోసుకున్న పీఎఫ్ కార్మికుడి ఖాతాలో పడకపోతే ఆ బకాయి కూడా చివరికి నగరపాలక సంస్థ మెడకే చుట్టుకుంటుంది.

బిల్లు పాస్ చేసే రోజే దీన్ని పట్టుకోవచ్చు. గత నెల పీఎఫ్ ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత కట్టారో చూపే నెలవారీ పట్టీ), ఈఎస్‌ఐ చలానా వెనక ఉండే పేర్ల జాబితా, బ్యాంకు జమల పట్టీ, మస్టర్ నాలుగూ పక్కపక్కన పెట్టి పేరుపేరునా టిక్కు పెట్టుకుంటూ పోవాలి. మొత్తం సంఖ్య సరిపోయిందని సంతకం పెట్టేస్తే మోసపోతారు. మస్టర్‌లో వంద మంది, చలానాలోనూ వంద మందే ఉండి, అందులో పాతిక పేర్లు వేరే ఊరి పని తాలూకువి కావచ్చు. అంకె మోసం చేస్తుంది, ఒక్కో కార్మికుడికీ విడిగా ఉండే పన్నెండంకెల పీఎఫ్ నంబరు యూఏఎన్ చేయదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తాయి. అలాంటి వరద తీశాక ఇళ్లలో, సందుల్లో పేరుకునే బురద ఎత్తడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులను తెస్తారు. ఆ రోజుల్లో మస్టర్ రాసే తీరిక ఎవరికీ ఉండదు. కాలికి గాయమున్నవాళ్లు బురదనీళ్లలో నిలబడితే ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. లక్షణాలు సాధారణంగా ఒకటి రెండు వారాలకు బయటపడతాయి. అప్పటికి మనిషి సొంతూరు చేరి ఉంటాడు. అందుకే లారీ దిగిన చోటే పేరు, ఆధార్, ఊరు, పని చేసే వీధి రాసుకోవాలి, బూట్లు ఇచ్చాకే పనిలోకి పంపాలి.

అన్నిటికన్నా ప్రాణాంతకం సెప్టిక్ ట్యాంకు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు కూలిపోతాడు, అతన్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడాన్ని నేరం చేసింది. తప్పనిసరై దించాల్సి వస్తే కారణం రాసి సంస్థ ముఖ్య అధికారి, అంటే కమిషనరు, అనుమతివ్వాలి. పగటిపూటే పని, సూపర్‌వైజరుతో కలిపి కనీసం ముగ్గురు, ఒక విడత 90 నిమిషాలు దాటకూడదు, మధ్యలో 30 నిమిషాల విరామం, 10 లక్షల బీమా. చనిపోతే పరిహారం 10 లక్షలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది, 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. ఇంటివాళ్లు ప్రైవేటు ట్యాంకర్‌ను పిలిపించుకున్నా నిఘా బాధ్యత నగరపాలక సంస్థదే. ట్యాంకర్ల రిజిస్టరు కూడా లేని ఊళ్లో ఆ నిఘా ఎలా సాగుతుంది?

2020 జూలై 3న ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఆప్కాస్ మొదలయ్యాక మధ్యదళారి పోయాడు, జీతం నేరుగా బ్యాంకులో పడుతోంది. కార్మికులకు ఇది నిజమైన మేలు. కానీ ఉద్యోగి కాగితం ఒక చోట, పని చేయించేవాళ్లు ఇంకో చోట ఉన్నారు. తీవ్రమైన దెబ్బ తగిలితే ఈఎస్‌ఐకి ప్రమాద నివేదిక, అంటే ఫారం 12, వెంటనే వెళ్లాలి. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆప్కాస్ పంపుతుందనుకుని, ఆప్కాస్ వాళ్లు నగరపాలక సంస్థ పంపుతుందనుకుంటే వైకల్య భత్యం అక్కడే ఆగిపోతుంది. పని ప్రమాదానికి ఈఎస్‌ఐ రక్షణ చేరిన మొదటి రోజు నుంచే ఉంటుంది, జీతంలో 90 శాతం వస్తుంది. నివేదిక పంపే బాధ్యతను ఒక్క మనిషికి పేరు రాసి అప్పగించాలి.

ఇక కొత్త చిక్కు. పారిశుద్ధ్య కార్మికుల జీతం 15,000, హెల్త్ అలవెన్స్ 6,000 కలిపితే 21,000. ఈఎస్‌ఐ వేతన పరిమితి 2017 జనవరి నుంచి సరిగ్గా అంతే. అలవెన్స్‌ను కూడా వేతనంగా లెక్కిస్తే, ఒక్క రూపాయి పెంచినా మనిషి గీత దాటుతాడు. ఏప్రిల్-సెప్టెంబరు లేదా అక్టోబరు-మార్చి విడత ముగిసేదాకా చందా కట్టించుకుంటారు, తర్వాత పేరు తీసేస్తారు. పెంపు జీఓ వచ్చిన రోజే ప్రత్యామ్నాయ ప్రమాద బీమా, వైద్య బీమా సిద్ధంగా లేకపోతే, తర్వాతి విడత మొదటి తేదీ ఉదయం అందరూ పని ప్రమాదానికి ఈఎస్‌ఐ రక్షణ లేకుండానే మస్టర్‌లో నిలబడతారు.